చెమ్మ మూల

జిల్లెళ్ళపాడు మఠానికి ఉన్న నాలుగు గోడల్లో తూర్పు గోడ ఒక్కటే ఈ మధ్యదాకా నిలబడి ఉంది. మిగిలినవి నడుము దాకా ఒకటి, మోకాళ్ళ దాకా ఒకటి, నేల దాకా ఒకటి దిగిపోయాయి. తూర్పు గోడకు మాత్రం రాయికీ రాయికీ మధ్య సున్నం రాలి సందులు పడ్డాయి. ఏటా పత్తి తీతల ముందు ఆ సందుల్లో తెల్లగా పత్తి కనబడేది. ప్రత్తిపాడు బస్సులో వెళ్ళే కొత్తవాళ్ళు, చేలల్లోంచి గాలికి ఎగిరివచ్చి ఇరుక్కుందనుకునేవాళ్ళు.

గాలి తెచ్చింది కాదు. ఆ గోడ బయట పసిబిడ్డలున్నారు. పేరు పెట్టకముందే పోయిన బిడ్డలు. చేలో మొదట పగిలిన కాయలోంచి చిటికెడు పత్తి తీసుకుని, తల్లి ఆ గోడ సందులో పెట్టి వస్తుంది. బిడ్డకు బొంతలోకి. ఈ పని ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలియదు. పిచ్చుకలు ఆ పత్తిని గూళ్ళకు ఎత్తుకుపోయేవి. పెట్టిన పత్తి మర్నాటికి కనబడకపోతే బిడ్డకు చేరిందనుకునేవాళ్ళు.

బసవమ్మ అక్కడ పత్తి పెట్టడం మొదలై నలభై ఏళ్ళు దాటింది. ఊళ్ళో ఇంకా పెడుతున్నది ఆమె ఒక్కతే. మిగిలిన తల్లులు పోయారు. ఇప్పటి పిల్లలు గుంటూరు ఆసుపత్రుల్లో పుడుతున్నారు. పోయేవాళ్ళు అక్కడే పోతున్నారు.

మఠం కట్టింది తెల్లసాములు. ప్రత్తిపాడు మీదుగా ఎడ్లబండ్లలో వచ్చారని బసవమ్మ అత్తగారు, తన అత్తగారు చెప్పిన మాటగా చెప్పేది. గోధుమరంగు అంగీలు, నడుముకు తాడు. తెల్లసాములని పేరేగాని ఈ ఎండకు కమిలి ఎర్రగా ఉండేవాళ్ళట. ఊరు వాళ్ళకు ఎందుకూ పనికిరాని చౌడు దిబ్బ చూపించింది. నల్లరేగడిలో పునాది నిలవదని పెద్దలు చెబితే, నిలువు లోతు తవ్వించి ఇసుక పోయించారు. పల్నాటి నుంచి నాపరాళ్ళు తెప్పించి లోపలి ముంగిలంతా పరిచారు. బావి తవ్వితే, చుట్టుపక్కల ఎక్కడా లేని మంచినీళ్ళు పడ్డాయి. ఊరి బావి తాకనివ్వని పల్లెవాళ్ళకు ఆ నీళ్ళు దొరికాయి. నీళ్ళతోపాటే దేవుడూ దొరికాడు.

మూడు పూటలా గంట కొట్టేవాళ్ళు. మధ్యాహ్నం గంటకు చేలల్లో కూలీలు అన్నం మూటలు విప్పేవాళ్ళు. మఠంలో మందుల గది ఉండేది. తేలు కుట్టినా, కాన్పు కష్టమైనా ఊరు ఊరంతా అక్కడికే పోయేది. మందు పుచ్చుకునేది, నీళ్ళు మాత్రం ఇంటినుంచి తెచ్చుకునేది.

తెల్లదొరలు పోయాక తెల్లసాములూ ఒక్కొక్కరే ఓడ ఎక్కారు. ఎక్కలేని ముసలివాళ్ళు ఇక్కడే పోయి, లోపలి ముంగిట్లో పేర్లు చెక్కిన రాళ్ళ కిందికి చేరారు. ఉప్పెన వచ్చిన ఏడు కప్పు లేచిపోయింది. మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. చివరికి మందుల సామి ఒక్కడు మిగిలాడు, ఆయనకు వండిపెట్టడానికి పల్లె నుంచి లిడియా. ఆయన కూడా పోయాక గంటను గుంటూరు తీసుకుపోయారు. తలుపులు, దూలాలు ఎవరు తీసుకుపోయారో ఊళ్ళో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

రాళ్ళు పరిచిన ముంగిలి మిగిలింది. మిరపకాయలు ఎండబెట్టడానికి అంతకు మించిన కల్లం లేదు. మట్టి అంటదు, రాయి వేడికి కాయ గలగలా ఎండుతుంది. బసవమ్మ వాళ్ళ చేను మఠాన్ని ఆనుకునే ఉంది. మందుల సామి పోయినప్పటి నుంచి ఆమె, ఆమె భర్త పేరయ్య కాయలు అక్కడే పోసేవాళ్ళు. పేరయ్య పోయి నాలుగేళ్ళయింది. ఇప్పుడు కొడుకు వీరబాబు పోస్తున్నాడు.

ఆ ఏడు మొదటి పత్తి కాయ పగిలిన రోజున త్రినాథ్ చేనిగట్టున మోటారు సైకిలు ఆపాడు. త్రినాథ్ బసవమ్మ మరిది కొడుకు. గుంటూరు యార్డులో కమీషన్ కొట్టు ఉంది.

"పెద్దమ్మా, మఠం జాగా మనకే వచ్చింది," అన్నాడు. "కోల్డ్ స్టోరేజీ కడుతున్నాం. ఇంక వీరబాబన్నయ్య కాయలు మోసుకుని గుంటూరు పోనక్కర్లా."

"గోడలు?"

"ఏ గోడలు? ఉన్నదెక్కడ? ఆ ఒక్క గోడ తీసేస్తే లారీలు తిరగడానికి దారి."

బసవమ్మ చేతిలో అప్పుడే తీసిన పత్తి ఉంది. దాన్ని కొంగున ముడేసుకుంది.

"గోడ బయట పిల్లలున్నార్రా."

త్రినాథ్ హెల్మెట్ తీసి పెట్రోలు టాంకు మీద పెట్టుకున్నాడు.

"తెలుసు పెద్దమ్మా. నానమ్మ చెప్పేది. కానీ ఎవరెక్కడున్నారో ఎవరికి తెలుసు? సాముల సమాధులైతే తీసుకుపోతారంట. ఆ పని అయ్యాకే మిషను పెడతా. అంతకన్నా నేనేం చెయ్యను?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బసవమ్మ పట్టలేదు.

ఆమెకు తెలిసింది ఒక్కటే మాట. గోడ పక్కన పెట్టారు.

తొలి కాన్పు. ఆడపిల్ల. రెండో రోజుకే పాలు తాగడం మానేసింది. బసవమ్మకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. పేరయ్య బిడ్డను తువ్వాలులో చుట్టి మఠానికి ఎత్తుకుపోయాడు. పొద్దు వాలాక తువ్వాలు మడిచి చంకలో పెట్టుకుని వచ్చాడు. మంచం పక్కన నిలబడి, "గోడ పక్కన పెట్టారు," అన్నాడు. అత్తగారు దీపం తగ్గించింది. ఆ తర్వాత బసవమ్మ ఎన్నిసార్లు అడిగినా ఆ మాటకు ఇంకో మాట చేర్చలేదు. బాలింత అక్కడికి పోకూడదన్నారు. పురుడు తీరాక వెళితే గోడ పొడుగునా గడ్డి ఒక్కటే ఎత్తున ఉంది. ఎక్కడని నిలబడాలో తెలియలేదు. గోడకు నడిమధ్యన ఒక సందు చూసుకుని అందులో పత్తి పెట్టింది. ఇన్నేళ్ళుగా అదే సందు.

తర్వాత వీరబాబు పుట్టాడు. ఇంకో కొడుకూ పుట్టాడు. పేరయ్య ఏటా తనే మొదటి కాయ చూసి, కోసి తెచ్చి ఇచ్చేవాడు. "ఇంద," అనేవాడు. గోడ దగ్గరికి తోడు మాత్రం వచ్చేవాడు కాదు.

సమాధుల పండుగ వెళ్ళిన వారంలో గుంటూరు నుంచి వ్యాను వచ్చింది. కుర్ర ఫాదర్ ఒకరు, ఇద్దరు సిస్టర్లు. రాళ్ళు లేపడానికి ప్రత్తిపాడు నుంచి తాపీమేస్త్రి గఫూర్. ఫాదర్ పుస్తకం తెరిచి జపం చదివాడు. పేరున్న రాళ్ళను గఫూర్ ఒక్కొక్కటే గునపంతో లేపాడు. కింద నల్లమట్టి. కొన్నిచోట్ల కాసిని ఎముకలు, ఒకచోట సిలువ బిళ్ళ, ఒకచోట ఏమీ లేదు. ఏమీ లేనిచోట దోసెడు మట్టి తీసి పెట్టెలో పోశారు. పైన పేరు రాశారు.

ఊరివాళ్ళు కొందరు కూలిన గోడ మీద కూర్చుని చూస్తున్నారు. బసవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఎన్నో ఏళ్ళ కారం ఆ రాళ్ళ సందుల్లో ఉంది. గునపం పడ్డప్పుడల్లా ఘాటు లేచి అందరికీ పొరపోతోంది. సిస్టర్లు ఏడుస్తున్నారో దగ్గుతున్నారో తెలియడంలేదు.

"ఈ నేల సంగతి నాకు తెలుసు పెద్దమ్మా," అన్నాడు గఫూర్ చెమట తుడుచుకుంటూ. "ఎండితే పగులుద్ది, తడిస్తే మింగుద్ది. ఆరడుగుల దొరల్నే ఇంత చేసింది."

"పసిబిడ్డయితే?"

గఫూర్ గునపం మీద చెయ్యి ఆనించి ఆమెను చూశాడు. తర్వాతి రాయి దగ్గరికి నడిచాడు.

ఫాదర్ చేతులు కడుక్కుని వచ్చాక బసవమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, గోడ బయట పిల్లలున్నారు. వాళ్ళనూ తీసుకుపోతారా?"

"మీ బిడ్డ ఉందా అమ్మా?"

"ఉంది."

"చోటు గుర్తుందా?"

బసవమ్మ గోడ వైపు చూసింది. గోడ చాలా పొడుగ్గా ఉంది.

"లిడియాకు తెలుసేమో," అంది. "మందుల సామికి వండిపెట్టేది."

"లిడియమ్మగారు మా సిస్టర్ల దగ్గరే ఉంటున్నారు, గుంటూరులో. వృద్ధాశ్రమంలో. వెళ్ళి అడగండి," అన్నాడు ఫాదర్. తన నంబరు ఆమె కోడలు నాగజ్యోతి ఫోనులోకి ఎక్కించాడు. "చోటు తెలిస్తే ఒక్క ఫోను చెయ్యండి. మా బిడ్డా మీ బిడ్డా అని లేదు. వ్యాను మళ్ళీ పంపుతాను."

త్రినాథ్ మిషను సోమవారం వస్తుందన్నాడు. మర్నాడు పొద్దున్నే బసవమ్మ ప్రత్తిపాడు వెళ్ళి గుంటూరు బస్సు ఎక్కింది. నాగజ్యోతి సంచీలో చిన్న సీసా పెట్టింది. పండుమిరపకాయల కొరివికారం.

"అత్తయ్యా, ఆవిడకి పళ్ళున్నాయో లేవో," అంది.

"కారానికి పళ్ళెందుకే."

వృద్ధాశ్రమం వరండాలో లిడియా తెల్లచీర కట్టుకుని, మందపాటి అద్దాలు పెట్టుకుని కూర్చుని ఉంది. బసవమ్మ కన్నా పదేళ్ళు పెద్ద. చేతిలో జపమాల ఉంది. మనిషిని పోల్చుకోవడానికి కాస్త సేపు పట్టింది. పోల్చుకోగానే లేవబోయింది. బసవమ్మ భుజం పట్టి కూర్చోబెట్టింది.

"బసవమ్మగారా. పేరయ్యగారు పోయారని ఆలస్యంగా తెలిసిందండి. రాలేకపోయాను."

"రాగలిగితే వచ్చేదానివే. బాగున్నావా లిడియా?"

"బాగానే చూస్తారు. తిండే చప్పిడి. గుంటూరులో ఉండి కూరలో కారం చూడక మూడేళ్ళయింది."

బసవమ్మ సీసా తీసి ఇచ్చింది. లిడియా మూత తీసి వాసన చూసి, అటూ ఇటూ చూసి చీర మడతల్లో దాచేసింది. "సిస్టరు చూస్తే రక్తపోటని లాక్కుంటది," అంది.

ఇద్దరూ నవ్వారు. తర్వాత బసవమ్మ మఠం సంగతి చెప్పింది. గోడ సంగతి చెప్పింది.

"అందుకే వచ్చా. గోడ బయట ఏ చోటో నీకు గుర్తుండాలి. నువ్వు చెబితే ఫాదరు తీయిస్తానన్నాడు."

లిడియా జపమాల తిప్పడం ఆపింది.

"గోడ బయటేంటండి?" అంది. "మీ పాప లోపలుంది గదా."

వరండా చివర ఎవరో రేడియో పెట్టారు. బసవమ్మ అదే వింటున్నట్టుగా కూర్చుంది.

"పేరయ్యగారు చెప్పలేదా?" అంది లిడియా.

"గోడ పక్కన అన్నాడు."

లిడియా అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. అద్దాలు లేకపోతే ఆమె ముఖం చిన్నదిగా ఉంది.

"తీసుకొచ్చేసరికే ఊపిరి అందడంలేదు. మందుల సామికి అప్పటికే చూపు పోయింది. బిడ్డ గుండె మీద చెయ్యి పెట్టి, పోతోంది లిడియా, అన్నాడు. పోయే ప్రాణానికి మాలో జ్ఞానస్నానమని నీళ్ళు పోస్తారండి. అప్పుడు గురువే పొయ్యాలని లేదు, ఎవరైనా పొయ్యొచ్చు. తల మీద మూడుసార్లు పోసి, పేరు పెట్టాలి. సామి చేతులు వణుకుతున్నాయి. నన్ను పొయ్యమన్నాడు. పేరేంటని నేను పేరయ్యగార్ని అడిగా. ఇంకా పెట్టలేదన్నారు. మేము పెట్టమంటారా అని సామి అడిగాడు. పేరయ్యగారు బిడ్డను చూస్తా నిలబడ్డారు. తర్వాత తల ఊపారు."

"ఏం పేరు?"

"ఆ నిమిషంలో నాకేం తోచలేదండి. మా అమ్మ పేరు పెట్టేశా. తెరేజమ్మ."

బసవమ్మ కొంగు ముడిని పిడికిట్లో పట్టుకుంది.

"నీళ్ళు పడగానే కళ్ళు తెరిచింది. ఎంతో సేపు లేదు. మా బిడ్డ అయింది కాబట్టి బయట పెట్టకూడదన్నాడు సామి. లోపల, సాముల దగ్గర పెట్టాలన్నాడు. పేరయ్యగారు ఒక్కటే అడిగారు. లోపల రాయి కింద అయితే కుక్కలు తవ్వవు గదా, అని. తవ్వవన్నాను. ఆయనే గునపం తీసుకుని రాయి లేపారు. ఆయనే పెట్టారు. మళ్ళీ రాయి ఆయనే సర్దారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"మీ అత్తగారు బతికున్నంతకాలం ఇంట్లో ఈ మాట రాకూడదన్నారు. నింద మీ మీద పడుతుందని. నన్నూ ఎవరికీ చెప్పొద్దన్నారు. తర్వాత మీకు చెప్పేసే ఉంటారనుకున్నా."

అత్తగారు పోయి ఇరవై ఏళ్ళు దాటింది. ఆ తర్వాత కూడా పేరయ్య ఏటా మొదటి కాయ కోసి, ఇంద, అని ఇచ్చాడు. ఆమె గోడ వైపు వెళుతుంటే చేనిగట్టున నిలబడి చూశాడు. చెప్పడానికి ఒక రోజంటూ ఉండి ఉంటుంది. ఆ రోజు దాటిపోయాక ఇన్నేళ్ళు ఎందుకు చెప్పలేదన్న ప్రశ్న కూడా దానికి తోడై ఉంటుంది. ఏటేటా అది పెరిగి ఉంటుంది.

బసవమ్మకు ఉన్నట్టుండి ఇంకోటి గుర్తొచ్చింది. ముంగిట్లో, రాళ్ళ కింద. ఆ రాళ్ళ మీద కాయలు పోసి, పొద్దున ఒకసారి, ఎండ ఎక్కాక ఒకసారి, కాళ్ళతో తిరగేసేది ఆమె. నిండా మడమలు దించి, ఈ చివరి నుంచి ఆ చివరకు. ఇన్ని కాపులు. ఆమె రెండు పాదాలూ కుర్చీ కిందికి లాక్కుంది.

"ఏ చోట?" అంది.

"బావి పక్క మూలండి. మందుల సామి కూర్చునే అరుగు కింద. మూల రాయి."

లిడియా ఆ మాట ముగించకముందే బసవమ్మకు చోటు తెలిసిపోయింది.

ఆ మూలలో వాళ్ళు ఎన్నడూ కాయలు పొయ్యలేదు. మొదటి కాపునాడే పేరయ్య, "అక్కడ పోయమాక. చెమ్మ," అన్నాడు. బావి దగ్గర కాబట్టి నిజమేననుకుంది. ఏటా అన్నాడు. కూలీలకు కూడా అదే చెప్పేవాడు. ఒక ఏడు మబ్బులు కమ్మి, కాయ ఎక్కువై, చోటు చాలక ఆమె ఆ మూలలో కూడా పరిచేసింది. చేలోంచి వచ్చిన పేరయ్య అది చూసి, పార వెతకలేదు, గంప వెతకలేదు. వంగి రెండు చేతులతో ఊడ్చి ఊడ్చి తీసేశాడు. రాత్రి చేతులు మండుతుంటే మజ్జిగలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె కేకలేసింది. "రాయి తడిమి చూశా. పొడిగా ఉంది. నీ చాదస్తం గాని."

"పైకి పొడిగానే ఉంటది," అన్నాడు పేరయ్య.

లిడియా లేచి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. ఇద్దరి మధ్యా ఆ గ్లాసు ఒక్క నిమిషం ఆగింది. బసవమ్మ అందుకుని మొత్తం తాగింది.

"తప్పు చేశానా బసవమ్మగారూ?" అంది లిడియా.

"కళ్ళు తెరిచిందన్నావు. నిజమేనా?"

"మెరుస్తా ఉన్నాయండి."

"నేను చూడలేదు," అంది బసవమ్మ. "నా దగ్గరున్న రెండు రోజులూ తెరవలేదు."

సాయంత్రం బస్సు దిగి ఇంటికి వెళ్ళకుండా మఠానికి నడిచింది. పేరున్న రాళ్ళు లేచిన చోట్ల గుంతలు పూడ్చిన కొత్తమట్టి. మూల రాయి కదలకుండా ఉంది. దాని మీద పేరు లేదు కాబట్టి ఎవరూ ముట్టుకోలేదు. మిగిలిన ముంగిలంతా రాళ్ళు ఎర్రబారి ఉన్నాయి. ఇన్నేళ్ళ మిరపకాయల రంగు. ఆ ఒక్క రాయి మాత్రం, పరిచిన నాడు ఎలా ఉందో అలాగే, బూడిద రంగులో ఉంది. చూసేవాళ్ళుంటే ఎప్పుడైనా కనబడేదే.

ఆమె అరుగు పక్కన కూలబడింది. రాయి మీద అరచెయ్యి పెట్టింది. పగటి వేడి ఇంకా ఉంది. పేరు పెట్టి పిలుద్దామనుకుంది. తెరేజమ్మ. ఆ పేరు ఆమె నోటికి కొత్త. రెండుసార్లు పెదాలతో అనుకుంది గాని శబ్దం రాలేదు. ఇన్నేళ్ళూ మనసులో పాపా అనే పిలిచింది. పాపా అంది.

ఆ ఏటి మొదటి పత్తిని ఇంకా గోడలో పెట్టలేదు, చీర మార్చినప్పుడల్లా కొంగున ముడేసుకుంటూనే ఉంది. ఆ ముడి విప్పింది. పత్తి చెమటకు కాస్త నలిగింది. దాన్ని రాయికీ రాయికీ మధ్య సందులో పెట్టి, అక్కడ పడి ఉన్న చీపురుపుల్లతో నెమ్మదిగా లోపలికి నెట్టింది. పూర్తిగా లోపలికి పోయేదాకా నెట్టింది.

నాగజ్యోతి వెతుక్కుంటూ వచ్చింది.

"ఇక్కడున్నారా అత్తయ్యా. చోటు చెప్పిందా ఆవిడ? ఫాదరుకు ఫోను చెయ్యమంటారా?"

ఫోను ఆమె చేతిలోనే ఉంది. ఒక్క ఫోను చేస్తే వ్యాను వస్తుంది. గఫూర్ రాయి లేపుతాడు. ఏమీ ఉండదు. దోసెడు నల్లమట్టి తీసి పెట్టెలో పోసి, పేరు రాసి, గుంటూరు తీసుకుపోతారు. ఊరంతా గోడ మీద కూర్చుని చూస్తుంది. బిడ్డ లోపలికి ఎలా వచ్చిందని అడుగుతుంది. పేరయ్య దాచిన మాట ఆ గుంత పక్కన అందరూ తలా ఒక చెయ్యి వేసి తిరగేస్తారు. అదైనా ఆమె ఓర్చుకునేదేమో. కానీ ఆ బిడ్డను ఒకసారి ఆమె ఒళ్ళోంచి ఎత్తుకుపోయారు. తిరిగి తువ్వాలే వచ్చింది. రెండోసారి ఆమె పంపదలచుకోలేదు.

"వద్దు," అంది. "ఎక్కడో సరిగ్గా తెలియదంట."

సోమవారం మిషను వచ్చింది. తూర్పు గోడ పొద్దున్నే, పెద్ద చప్పుడు లేకుండానే పడిపోయింది. సందుల్లోంచి ఎండిన పత్తి ముక్కలు దుమ్ములో లేచి, కాసేపు అక్కడక్కడే తిరిగి, వాలిపోయాయి. బసవమ్మ త్రినాథ్ పక్కన నిలబడి చూసింది.

"త్రినాథూ, ఆ బావి పక్క మూల ఏం వస్తది?"

"అది ముందు గచ్చు పెద్దమ్మా. కాయలు దింపి, తాలు ఏరుకునే చోటు. ఏం?"

"తవ్వుతారా?"

"స్తంభాలు ఇటు వైపే. అక్కడ రాళ్ళ మీదే గచ్చు పోసేస్తాం." త్రినాథ్ నవ్వాడు. "పెదనాన్న చెమ్మ మూల గదా అది. చిన్నప్పుడు అక్కడ ఆడుకుంటుంటే ఒకసారి వీపు పగలగొట్టాడు. చెమ్మా లేదు, గిమ్మా లేదు అక్కడ. ఎందుకంత పట్టుదలో ఆయనకి."

చెప్పడానికి అదీ ఒక రోజే. మిషను ఆగి ఉంది. త్రినాథ్ ఆమె ముఖంలోకే చూస్తున్నాడు.

"ఆయన మాట ఆయనది," అంది బసవమ్మ.

ఆ మూల మీద గచ్చు పోసిన రోజు ఆమె ఇంట్లోనే ఉంది. అన్నం తినలేదు. ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకుంది. నాగజ్యోతి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, జ్వరం లేదే అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఏడాది తిరిగింది. మిరపకాయ దిగింది. మఠం ఉన్నచోట ఇప్పుడు కిటికీలు లేని పెద్ద తెల్ల కట్టడం ఉంది. ఎండలో ఉన్నా దాని గోడ చల్లగా తగులుతుంది. ముందు గచ్చు మీద ఆడకూలీలు వరసగా కూర్చుని తాలుకాయలు ఏరుతున్నారు. బసవమ్మ కూడా వచ్చి కూర్చుంటోంది. ఇంటిదగ్గర కూర్చోక నీకీ ఘాటెందుకు పెద్దమ్మా అని త్రినాథ్ రెండుసార్లు అడిగి మానేశాడు. ఆమె కూర్చునేది బావి ఉన్న వైపు మూలకు దగ్గరగా. బావి కూడా పూడ్చేశారు. ఎక్కడున్నదీ చూపించడానికి ఏ గుర్తూ లేదు.

ఒక రోజు పొద్దున లారీ నిండా కాయలు దిగాయి. చోటు నిండిపోయింది. కూలీల్లో కరీమున్ అనే పిల్ల గంప ఎత్తుకుని మూలకు వచ్చింది.

"అక్కడ పోయమాక," అంది బసవమ్మ.

కరీమున్ గంప నడుం మీద ఆనించుకుంది. "ఎందుకు పెద్దమ్మా? ఖాళీగానే ఉందిగా."

"చెమ్మ."

పక్కనున్న ఆడవాళ్ళు తలలెత్తారు.

"సిమెంటు గచ్చు మీద చెమ్మేంది పెద్దమ్మా," అంది కరీమున్. కాలి బొటనవేలితో గచ్చు గీకి చూసింది. "నిన్న ఇక్కడ కడాయి పెడితే గారెలు వేగేవి. చూడు, పొడిగా ఉంది."

ఆడవాళ్ళు నవ్వారు. బసవమ్మ తాలుకాయ ఒకటి ఏరి పక్కన వేసింది. తల ఎత్తలేదు.

"పైకి పొడిగానే ఉంటది," అంది.

ఆ గొంతులో ఏముందో కరీమున్‌కు తెలియదు. గంప ఎత్తుకుని అవతలికి వెళ్ళి, లారీ నీడలో గుమ్మరించింది. ఎండ ఎక్కేసరికి గచ్చంతా ఎర్రబడింది, ఆ మూల ఒక్కటి తప్ప.